నెగడు పక్క టైరు

మా ఆయన సూర్యనారాయణకి ఘాట్ రోడ్డు పడదు. రెండు మలుపులు తిరిగేసరికి తల బయటపెట్టి కక్కుకుంటాడు. అందుకని శృంగవరపుకోటలో తవుడూ నూకలూ అమ్మే కొట్టు ఆయన చూసుకునేవాడు, కొండల మీద మిల్లు నేను తిప్పేదాన్ని. ఆడదానివి ఆ కొండల్లో ఏం తిరుగుతావని మా అత్తగారు మొదట్లో సణిగింది. అయితే మీ అబ్బాయిని పంపండి, పక్కనే బకెట్టు పట్టుకుని మీరూ వెళ్లండి అన్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మిల్లంటే పెద్ద మిల్లేం కాదు. ఒక పాత జీపు, దాని వెనక రెండు చక్రాల ట్రైలరు, ట్రైలరు మీద ఆయిలు ఇంజనూ ధాన్యం ఆడించే మరా. ఇది డెబ్బైల చివరి సంగతి. హుకుంపేట పైనున్న ఊళ్లకి అప్పటికి కరెంటు లేదు. ఆడవాళ్లు కోడి కూయకముందే లేచి వడ్లూ సామలూ దంచుకునేవారు. మా జీపు చప్పుడు వినిపిస్తే చాలు, బుట్టలు నెత్తిన పెట్టుకుని ఊరంతా బయటికొచ్చేది. వాళ్ల మొహాల్లో ఆ సంబరం చూడ్డానికే నేను అంత దూరం ఎక్కేదాన్నంటే మా అత్తగారు నమ్మలేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా నిజం అదే.

ఆ జీపు నడిపేవాడు సోంబరు. హుకుంపేట పక్కనే వాడి ఊరు. కలప లారీ మీద క్లీనరుగా చేరి, తిట్లు తిని, దెబ్బలు తిని, డ్రైవరయ్యాడు. అణకువ అనేది వాడి ఒంట్లో ఎక్కడా లేదు. చొక్కా జేబులో దువ్వెన, మెడలో ఎర్ర రుమాలు, నోట్లో గొప్పలు. ఈ కొండల మీద ట్రైలరు కట్టి నడిపే మొనగాడు ఇంకొకడుంటే చూపించండని సంతలో నలుగురి ముందూ సవాలు చేసేవాడు. చిరాకేమిటంటే, వాడి మాట నిజం.

వాడికున్న పెద్ద జబ్బు గాలి పిచ్చి. పెన్నులాంటి గాలి మీటరొకటి ఎప్పుడూ దువ్వెన పక్కనే ఉండేది. టైరు మూతికి దాన్ని నొక్కితే లోపలి నుంచి గీతల పుల్ల ఒకటి బయటికొస్తుంది, ఎన్ని గీతలొస్తే అంత గాలి. రోజూ పొద్దున్నే, ఎండ పడకముందు, బండి ఒక్క అడుగు కదలకముందు వాడు అన్ని టైర్లూ చూడాలి. జీపు ముందు టైర్లకి ఒక లెక్క, బరువు పడే వెనక టైర్లకి ఇంకాస్త ఎక్కువ, ట్రైలరుకి అన్నిటికంటే ఎక్కువ, ముప్పై అయిదు. ట్రైలరుకి రెండు పక్కలా గాలి సమానంగా లేకపోతే దిగుడులో అది తోకాడించి జీపునే తోసేస్తుందని చెప్పేవాడు. ముందు చెయ్యి తిరగేసి టైరు మీద పెట్టి చూసేవాడు, ఆ తర్వాతే మీటరు. నేను జీపులో కూర్చుని, కట్టుకున్న పెళ్లానికైనా ఇంత సేవ చెయ్యడురా మగాడు అని అరుస్తుండేదాన్ని.

ఓసారి మిట్టమధ్యాహ్నం విజయనగరం నుంచి వస్తూ శృంగవరపుకోటలో పంక్చరు షాపు దగ్గర ఆగాం. షాపువాడు మీటరు పెట్టి, గాలి ఎక్కువుంది, తీసేస్తానన్నాడు. సోంబరు వాడి చెయ్యి పట్టుకుని లాగేశాడు. నిజంగానే కొట్టుకునేంత పనైంది. మళ్లీ బయల్దేరాక, ఎందుకురా నీకా గొడవ అని కసిరాను.

"తిరిగిన టైరు ఏడెక్కుతాదమ్మా. ఏడెక్కితే లోపల గాలి ఉబ్బుతాది. ఆ ఉబ్బు సూసి గాలి తీసేసినావనుకో, పైన సలిలో సల్లారినాక టైరు మెత్తబడిపోద్ది. మెత్తటి టైరుతో ఘాట్ దిగడం అంటే సావుకి దారడగడమే. సల్లగున్నప్పుడే సూడాల. అప్పుడే అది నిజం సెప్తాది" అన్నాడు.

నాకు సగమే అర్థమైంది. కానీ ఆ రోజు నుంచి వాడు పొద్దున్నే టైర్లు చూస్తుంటే అరవడం కొంచెం తగ్గించాను.

మేము వెళ్లే ఊళ్లలో పనసపుట్టు అన్నిటికంటే పైన. అక్కడ గాసి అని పెద్ద రైతు, చోళ్లూ సామలూ పండిస్తాడు. ఊళ్లో ఏ తగువొచ్చినా అతని మాటే చెల్లుతుంది. అతని కూతురు కనక. ఆడించడానికి అందరికంటే ముందొచ్చి, వరసలో మాత్రం అందరికంటే ఆఖర్న నిలబడేది. మొదట్లో మంచి పిల్ల, ముసలమ్మలకి దారిస్తోంది అనుకున్నాను. తర్వాత సోంబరు దువ్వెన ఆ ఊళ్లో ఎన్నిసార్లు బయటికొస్తోందో చూశాక అర్థమైంది.

వాడి తరపువాళ్లు జీలుగు కల్లు కుండలు మోసుకుని రెండుసార్లు సంబంధం అడగడానికి వెళ్లారు. గాసి కుండ ముట్టలేదు. ముట్టకపోతే ఇష్టం లేదని. ఎందుకు ఇష్టం లేదో నేనే వెళ్లి అడిగాను.

"గుంటడు మంచోడేనమ్మా. ఆడి పనే మంచిది కాదు. డ్రైవరుకి నా గుంటనివ్వను" అన్నాడు గాసి.

కొన్నేళ్ల కిందట సంతకి జనాన్ని ఎక్కించుకుపోతున్న లారీ ఒకటి పనసపుట్టు నుంచి హుకుంపేటకి దిగే ఘాట్‌లోనే పడిపోయింది. అందులో గాసి తమ్ముడు బుధు చచ్చిపోయాడు. డ్రైవరు మాత్రం బతికి బయటపడ్డాడు.

"ముందు బ్రేకుదే తప్పన్నాడు. మల్లీ రోడ్డుదన్నాడు. మల్లీ బరువెక్కువైపోనాదన్నాడు. ఆకరికి, మా తమ్ముడు పైన నిలబడి ఊగినాడు, అందుకే లారీ పడిపోనాదన్నాడు. సచ్చినోడి మీదెట్టేసినాడమ్మా. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నాది తప్పని అన్లేదు. డ్రైవర్లందరూ అంతే."

ఆ రోజుకి లేచి వచ్చేశాను. అయినా ఊరుకునే రకాన్ని కాదు కదా. కొన్నాళ్లు ఆగి మళ్లీ కదిపాను. పుష్యమాసం పండుగకి మిల్లు తీసుకొస్తాం, తిరుగుప్రయాణంలో మాతోపాటు జీపెక్కి హుకుంపేట సంతకి దిగు, వాడెలా నడుపుతాడో నీ కళ్లతో చూడు, చూశాక నీ మాట చెప్పు అన్నాను. ఆ లారీ పడ్డ దగ్గర్నుంచి గాసి ఏ బండీ ఎక్కలేదు, ఎంత దూరమైనా నడిచే వెళ్తాడు. "ఎక్కుతాను. హుకుంపేటలో దిగినాక సెప్తాను" అన్నాడు. అదే ఆఖరి మాటని ఊరంతటికీ తెలుసు. కనకకి మరీ తెలుసు.

పండుగ ముందు రోజుల్లో పనసపుట్టు చలి ఎలా ఉంటుందో మైదానం వాళ్లకి చెప్పినా తెలియదు. బిందెలో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొరికేస్తాయి. మేము వెళ్లిన రోజు పొద్దుగూకేదాకా మిల్లు ఆడింది. ట్రైలరు గాసి వాకిట్లోనే నిలిపాం. అన్నాలు తింటూ సోంబరు, ఈ చలికి పొద్దున్న మిల్లు ఇంజను మొరాయిస్తుంది, దానికి కూడా దుప్పటి కప్పాలి అని నవ్వాడు. గాసి భార్య చిట్టెమ్మ మమ్మల్ని బయట పడుకోనివ్వలేదు. మాకు ఇంట్లో పొయ్యి పక్కన చాపలేసింది. ఒళ్లు తెలియకుండా నిద్రపోయాం.

తెల్లవారేసరికి మంచు వాకిట్లోకి దిగి ఉంది. సోంబరు తల దువ్వుకుని, రుమాలు సర్దుకుని, మీటరు తీశాడు. గాసి దుప్పటి కప్పుకుని వచ్చి నిలబడ్డాడు. అతని వెనక ఊళ్లో సగం మంది. కనక గుమ్మం దగ్గర ఉంది, కళ్లు ఎర్రగా. ఏడ్చిందేమో అనుకున్నాను.

జనాన్ని చూసేసరికి మావాడికి పూనకం వచ్చింది. ఒక్కో టైరుకీ మీటరు నొక్కడం, పుల్ల పైకెత్తి గాసికి చూపించడం, ఇంకో చేత్తో ఘాట్ వైపు చూపిస్తూ ఏ టైరుకి ఎంత గాలి ఎందుకుండాలో ఉపన్యాసం. ట్రైలరు ఎడమ టైరు సరిగ్గా ముప్పై అయిదు. కుడి టైరు దగ్గరికి వచ్చేసరికి పుల్ల ఇంకా బయటికొచ్చింది.

"సూసినారా, ఇది ఎక్కువుంది. నిన్న సేతిపంపుతో కొట్టినప్పుడు లెక్క తప్పినట్టుంది. ఇలాంటిది అందరికీ దొరకదు" అని, మూతి నొక్కి బుస్సుమని గాలి తీశాడు. మళ్లీ చూపించాడు. రెండు పక్కలా సమానం. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. 

బయల్దేరాం. గాసి ముందు సీట్లో ఎడమ పక్క, కడ్డీ రెండు చేతులా పట్టుకుని, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. నేను వెనక. ఘాట్ మొదలయ్యేదాకా రోడ్డు కొండ నెత్తి మీద మెలికలు తిరుగుతూ కొంతదూరం పోతుంది. సోంబరు మొదట్లో ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. కాసేపటికి పాట ఆగింది. అద్దంలోకి చూడటం మొదలుపెట్టాడు. మళ్లీ చూశాడు. దిగుడు ఇంకా మొదలవకముందే, పనసచెట్ల కింద, బండి పక్కకి తీసి ఆపేశాడు.

"ఏటయిందిరా? సంత టైమయిపోతంది, బేగి పోనీ" అన్నాను.

వాడు దిగి ట్రైలరు దగ్గరికి వెళ్లాడు. నేనూ దిగాను. ఎడమ టైరు మీద చెయ్యి తిరగేసి పెట్టాడు. తర్వాత కుడి టైరు మీద. అక్కడే చెయ్యి ఉంచేశాడు.

"ఇది ఎక్కువ ఏడెక్కిపోనాది. గాలి తక్కువున్న టైరే ఇలా ఏడెక్కుతాది. పొద్దున్న నానే సూసినాను కదా, సమానంగా ఉంది" అని గొణిగాడు. ఉమ్ముతో వేలు తడి చేసి మూతి మీద రాశాడు. బుడగ రాలేదు. మేకు గుచ్చుకుందేమోనని టైరంతా తడిమాడు. ఏమీ లేదు. వాడు తెల్లబోయి నిలబడటం నేను చూడటం అదే మొదలు.

గాసి జీపులోంచి మెల్లిగా దిగి వచ్చాడు. ఆ టైరు వంక చూసి, ఏదో మంచి మాట కలపాలని కాబోలు, కాస్త గర్వంగా అన్నాడు.

"అటుపక్క దానికి సలేసుండదు. మా గుంట రేతిరంతా కూకుని నెగడేసింది అక్కడ. నీ ఇంజనుకి సలేత్తాదన్నావు కదా. తెల్లారగట్ల నిప్పులు ఇంటింటికీ పొయ్యిల్లోకి ఎత్తుకుపోనారు, బూడిద పొలానికి మోసేసినారు."

 నాకు ఒక్కొక్కటే బోధపడింది. కోటలో పంక్చరు షాపు దగ్గర వాడు చెప్పిందంతా ఇదే. రాత్రంతా నెగడు పక్కనున్న టైరు వేడెక్కి గాలి ఉబ్బింది. ఆ ఉబ్బు చూసి వీడు గాలి తీసేశాడు. చలిలోకి రాగానే టైరు మెత్తబడింది. ట్రైలరు కుడిపక్కకి వాలి మెల్లిగా తోకాడించడం మొదలెట్టింది. నిప్పు లేదు, బూడిద లేదు, వాకిలి ఊడ్చి శుభ్రంగా ఉంది. వీడికి తెలిసేదెలా? నా నోరు ఊరుకుంటుందా, "ఇదంతా ఆ నెగడు..." అని మొదలుపెట్టేశాను.

సోంబరు చెయ్యెత్తి నన్ను ఆపాడు. నన్ను, వాడి యజమానిని, చెయ్యెత్తి ఆపాడు. ఆపి గాసి ముందుకెళ్లి నిలబడ్డాడు.

వాడు అప్పుడేం అనొచ్చో నాకు తెలుసు. టైరు పాతది అనొచ్చు. దారిలో రాయి తగిలిందనొచ్చు. అసలేమీ అనకుండా, మొదటి గేరులో మెల్లిగా దించుకుపోతే గాసికి ఎప్పటికీ తెలియదు. అన్నిటికంటే తేలిక, నెగడు మీద పెట్టేయడం. అది అబద్ధం కూడా కాదు.

"తప్పు నాది పెద్దయ్యా" అన్నాడు. "ముందు సెయ్యెట్టి సూడాల, తరవాతే మీటరెట్టాల. రోజూ సేత్తాను. ఇయాల సెయ్యలేదు. మీ ముందు గొప్పకి పోనాను. సెయ్యెట్టుంటే ఏడిగా ఉందని అప్పుడే తెలిసిపోను. ఏడి టైరులోంచి గాలి తీసేసినాను. అది నా తప్పే, ఇంకెవురిదీ కాదు."

 గాసి ఆ టైరు వంక చూస్తూ అడిగాడు.

"ఇలాగే దిగిపోతే ఏటయ్యేది?"

నేను వాడి వంక చూశాను. ఒరే, అబద్ధమాడు, ఏమీ అయ్యేది కాదను అని కళ్లతోనే బతిమాలాను. వాడు నా వైపు చూడనేలేదు.

"కిందున్న పెద్ద మలుపులో ట్రైలరు జీపుని తోసేసుండును. మీరూ, అమ్మగారూ, నానూ, ముగ్గురం లోయలో ఉండేవోలం."

అయిపోయింది అనుకున్నాను. తమ్ముణ్ణి ఆ లోయలోనే పోగొట్టుకున్న మనిషికి ఆ మాట చెప్పాడు. ఇక ఈ జన్మలో పిల్లనివ్వడు. వాడికీ ఆ సంగతి తెలుసు. తెలిసే చెప్పాడు. నాకు వాడి మీద ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే, వాడంటే అంతకుముందెన్నడూ లేని గౌరవం కలిగింది. ఇంతకాలం వాడి గొప్పలు విని, ఇంతే వీడు అనుకున్నాను. ఆ గొప్పలన్నిటికంటే వాడు పెద్దవాడు.

గాసి వెళ్లి బండరాయి మీద కూర్చుని చుట్ట వెలిగించాడు. సోంబరు పనిలో పడ్డాడు. చక్రాలకి రాళ్లు పెట్టాడు. ఎడమ వైపు ఎండ తగలకుండా ట్రైలరుకి నా దుప్పటి అడ్డం కట్టాడు. టైర్లన్నీ పూర్తిగా చల్లారేదాకా మీటరు ముట్టనన్నాడు. సంతకి వెళ్లేవాళ్లు కావిళ్లతో మమ్మల్ని దాటిపోతూ, ఏమైందని అడుగుతున్నారు. గాలి తప్పుగా తీశాను, నాదే తప్పు అని అడిగిన ప్రతివాడికీ చెప్పాడు. సంతలో సవాళ్లు చేసిన నోటితోనే చెప్పాడు.

చివరికి చెయ్యి తిరగేసి అన్ని టైర్లూ తాకి, మీటరు పెట్టాడు. ఎడమది పొద్దున్న ఎంతో ఇప్పుడూ అంతే. కుడిది అయిదు గీతలు లోపలికి పోయింది. చేతిపంపు తగిలించి కొట్టడం మొదలుపెట్టాడు. ట్రైలరు టైరుకి చేతిపంపుతో గాలి కొట్టడమంటే రోట్లో పోటు వెయ్యడం కంటే కష్టం. ఆ చలిలో వాడి చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

గాసి చుట్ట ఆర్పి లేచి వచ్చాడు. ఎడమ టైరు మీద అరచెయ్యి వేశాడు. కుడి టైరు మీద వేశాడు. మీటరు ఇమ్మని చెయ్యి చాపాడు. ఎలా నొక్కాలో సోంబరు చూపించాడు, ఈసారి ఉపన్యాసం లేకుండా. గాసి రెండు టైర్లకీ నొక్కి, పుల్ల మీద గీతలు వేలితో పోల్చుకుని, ఇంకొకటి తక్కువుందన్నట్టు తలూపాడు. సోంబరు ఇంకాస్త కొట్టాడు. గాసి మళ్లీ చూసి, తనే వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు.

ఘాట్ దిగాం. పెద్ద మలుపు దగ్గర ఎదురుగా బస్సొకటి రోడ్డంతా ఆక్రమించి ఎక్కి వచ్చింది. సోంబరు బ్రేకు తొక్కి, లోయ అంచు పక్కకి జరిగి ఆగాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి వెనక్కి చూస్తే ట్రైలరు జీపు వెనక సూటిగా, కదలకుండా నిలబడి ఉంది. గాసి కళ్లు మూసుకోలేదు. లోయలోకి చూస్తున్నాడు. బస్సు దాటిపోయాక, పోనీ అన్నట్టు తలూపాడు.

హుకుంపేటలో సంత అప్పటికే నిండిపోయి ఉంది. సోంబరు బండాపి, గాసి మొహం చూడకుండా వెనక్కి పోయి ట్రైలరు కొక్కెం విప్పుతూ కూర్చున్నాడు. గాసి దిగి, దుప్పటి మడిచి భుజాన వేసుకుని, అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. నాకు ఓపిక చచ్చిపోయింది.

"ఏటి గాసీ, దిగినాక సెప్తానన్నావు. ఇవ్వననే అయితే ఆ మాటే సెప్పేసి పో. ఆ గుంటడి ఉసురు నాకెందుకు" అన్నాను.

గాసి సోంబరు దగ్గరికి నడిచాడు. వాడు లేచి నిలబడ్డాడు.

"మా తమ్ముడు పోనాక ఆ లారీ డ్రైవరింటికి నాను మూడుమాట్లు ఎల్లినాను" అన్నాడు గాసి. "కొట్టడానికి కాదు. డబ్బుకీ కాదు. తప్పు నాదని ఒక్క మాటంటాడేమోనని. ఆడి గుమ్మంలో కూకుని వచ్చేసినాను. ఆ మాట ఇయాల నీ నోట ఇన్నాను."

 సోంబరు కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. నా సంగతి నేను చెప్పుకోను.

"మీవోలని రమ్మను. గుంటనిత్తాను" అన్నాడు గాసి. నాలుగడుగులు సంతవైపు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు. "ఒకటి. ఆ నెగడు మాట దానికి సెప్పకు. పిచ్చి గుంట, మనసు పాడుసేసుకుంటాది."

సోంబరు ఎర్ర రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏ నెగడు మావా?" అన్నాడు.